ఇరవయ్యో గుడ్డ

నాకు తెలియకుండా పంజు ఎక్కడా పేరుకోదని ముప్పై ఏళ్ళు నమ్మి బతికినవాణ్ణి నేను. రాజపాళయంలో ఒక నూలు మిల్లులో, కార్డింగ్ సెక్షన్‌లో ఫిట్టరుగా పనిచేశాను. పత్తిని దువ్వి పీచు తీసే యంత్రాలు ఉండే చోటు అది. దువ్వుతుంటే గాలిలోకి లేచే నూగుని మా మిల్లుల్లో పంజు అంటారు. అది కనురెప్పల మీద వాలుతుంది, టీ గ్లాసులో తేలుతుంది, చెవుల్లో కాపురం పెడుతుంది. పెళ్ళిచూపులకి వెళ్ళిన రోజున నా కుడి చెవిలో పంజు ఉందని, అది చూశాకే మిల్లు ఉద్యోగం నిజమని వాళ్ళ నాయన నమ్మాడని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. అంతటివాణ్ణి, రిటైరై రెండేళ్ళు తిరక్కుండానే, మా ఇంట్లో మూడు మూరల పైపులో ఇరుక్కున్న గుప్పెడు పంజు చేతిలో ఓడిపోయాను. ఓడితే ఓడాను, వియ్యపురాలి ఎదుట ఓడాను.

మా అమ్మాయి తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. వచ్చింది సరిగ్గా అయిప్పసిలో, మా వైపు వానలు పట్టే నెలలో. ఆ నెలలో పడమటి కొండలకి మబ్బు పట్టిందంటే మా ఊళ్ళో కాలి చెప్పులు కూడా ఆరవు. అమ్మాయి ముందుచూపు గల మనిషి. పసిపిల్ల గుడ్డలు ఎలా ఆరతాయని ఆలోచించి, కాన్పుకి రెండు వారాల ముందే బట్టలారబెట్టే యంత్రం ఒకటి తెప్పించింది. చూడ్డానికి బట్టలుతికే యంత్రానికి తోబుట్టువులా ఉంటుంది. లోపల వేడిగాలి తిరుగుతుంది, బట్టలు దొర్లుతాయి, తడిగాలి వెనకనున్న గొట్టంలోంచి గోడ బయటికి పోతుంది. పంజు పట్టడానికి తలుపు దగ్గర ఒక చిన్న జల్లెడ. దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇందులో నాకు తెలియనిది ఏమీ లేదని ఇంట్లో అందరికీ వినబడేలా చెప్పాను. ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది.

మా ఆవిడ తన వంతు ఏర్పాట్లు తను చేసింది. పెళ్ళికి ముందూ తర్వాతా కలిపి చాలా ఏళ్ళు తను సత్రపట్టిలో కట్టు గుడ్డ మడిచే పనికి పోయింది. ఆస్పత్రుల్లో గాయాలకి కట్టే పలచటి గుడ్డ, ఆ ఊళ్ళో మగ్గాల మీద రాత్రింబవళ్ళూ నేస్తారు. చివర్లలో మిగిలే ముక్కలు పనివాళ్ళు ఇంటికి తెచ్చుకుంటారు. అందుకని మా ఇంట్లో పాలగిన్నెకి కట్టు గుడ్డ, నీళ్ళ కుళాయికి కట్టు గుడ్డ, ఊరగాయ జాడీకి కట్టు గుడ్డ. కొత్తవాళ్ళెవరైనా వంటింట్లోకి వస్తే, ఈ ఇంట్లో సామానంతటికీ దెబ్బలు తగిలాయి కాబోలు అనుకుంటారు. ఆ గుడ్డనే రెండు వరుసలుగా మడిచి, అంచు కుట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టి, మళ్ళీ ఉడకబెట్టి, పసిపిల్ల ఒంటికి గుచ్చుకోకుండా మెత్తబరిచి, ఇరవై గుడ్డలు తయారుచేసింది. ఒక్కోదానికి ఒక మూల ఎర్రదారంతో చిన్న చుక్క కుట్టింది. అంగట్లో దొరికే ప్లాస్టిక్ డైపర్లు తన గడప తొక్కకూడదని ముందే తీర్పు చెప్పేసింది.

యంత్రం బిగించిన రోజున మా వియ్యపురాలు కూడా వచ్చింది. ఆమెది తళవాయిపురం. బస్సెక్కితే ఎంతోసేపు పట్టదు. అల్లుడు కోయంబత్తూరులో ఉద్యోగం చేస్తాడు, వియ్యంకుడు కాలం చేశాడు, ఊళ్ళో ఆమె ఒక్కతే ఉంటుంది. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. కోడలి కోసం ఏ గది సర్దారో, ఏ మంచం వేశారో, గుడ్డలు ఎన్ని కుట్టారో అన్నీ చూసింది, బావున్నాయని ఒక్క మాట అంది. మా ఆవిడకి ఆ ఒక్క మాటే చాల్లేదు. యంత్రం బిగించడానికి వచ్చిన ఫిట్టరు గోడకి రంధ్రం కొట్టి, తెల్ల పైపు దూర్చి, బయట మూతికి ప్లాస్టిక్ రెక్కలున్న మూత టీ తాగొచ్చి పెడతానని వెళ్ళాడు. పక్కింటి సందులో అతని నిచ్చెనకి నేను కాపలా ఉన్నాను. అతను తిరిగొచ్చేసరికి తుంపర మొదలైంది. గబగబా మూత బిగించేసి బస్సుకని పరిగెత్తాడు. సాయంత్రానికి వియ్యపురాలు కూడా వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున మా ఆవిడ నా ఎదుట వచ్చి నిలబడింది.

"పందొమ్మిదిదా ఉండాయి. నిన్న ఆయమ్మ వచ్చేదానికి ముందు ఇరవై."

"గాలికి పోయింటాది," అన్నాను.

"గాలికి పోయే తుణి ఒకటే పోతాదా? మడిచి, అడుక్కి అడుకు పెట్టింటిని. ఆయమ్మ చేతి పై ఎంత పెద్దదో చూసినారా?"

మా ఊరి మాటల్లో తుణి అంటే గుడ్డ, అడుకు అంటే దొంతర, పై అంటే సంచి, చివర దా తగిలిస్తే ఆ మాట ఖాయమని. చూశాను, పెద్దదే. కానీ తళవాయిపురం నుంచి ఒక మనిషి బస్సెక్కి వచ్చి అరగజం కట్టు గుడ్డ ఎందుకు దొంగిలిస్తుందో నాకు అర్థం కాలేదు. దానికీ మా ఆవిడ దగ్గర జవాబుంది. పుట్టబోయే బిడ్డ కోసం కుట్టిన గుడ్డ, బిడ్డ పుట్టకముందే ఏ ఇంటికి పోతుందో, బిడ్డ మనసు ఆ ఇంటికే లాగుతుందని వాళ్ళ అవ్వ చెప్పేదట. వియ్యపురాలికి కూడా ఆ సంగతి తెలిసే ఉంటుందట. తెలిసే తీసుకుపోయిందట. అప్పట్నించీ ఆమె వస్తోందని ఫోను రాగానే మా ఆవిడ గుడ్డలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెళ్ళో పుస్తెలతాడుకి తగిలించుకునేది.

మనవరాలు పుట్టింది. ఆ సంగతి ఎంత చెప్పినా తక్కువే గనక తక్కువగానే చెబుతాను. మిల్లు హోరులో ముప్పై ఏళ్ళు గడిపి నాకు చెవులు కొంచెం మందగించాయి. మా ఆవిడ వంటింట్లోంచి కేకేస్తే వినబడదు, లేదా వినబడలేదని చెబుతాను. కానీ ఆ పిల్ల మూడో గదిలో ఊయలలో ఆవులిస్తే నాకు వినబడేది. పొద్దున్నే లేచి దాని వేళ్ళు లెక్కపెట్టేవాణ్ణి. నిన్నటికంటే పెరిగాయేమోనని చూసేవాణ్ణి కాదు, ఊరికే లెక్కపెట్టేవాణ్ణి. మూడో నెల నిండేదాకా అది మా ఇంట్లో ఉంటుంది, అది ఆనవాయితీ. ఆ తర్వాత తళవాయిపురం వెళ్ళిపోతుంది. అక్కడికి వెళ్ళాక నేను చూడాలంటే వాళ్ళు పిలవాలి, నేను పళ్ళూ పూలూ పళ్ళెంలో పెట్టుకుని చుట్టంలా వెళ్ళాలి, కాఫీ తాగి లేవాలి. అందుకని ఆ మూడు నెలల్లో ఒక్క రోజు కూడా వదులుకునే ఉద్దేశం నాకు లేదు.

వదులుకోవలసి వచ్చేలా చేసింది ఆ యంత్రం. మొదట్లో ముప్పావుగంటలో గుడ్డలు పెళపెళలాడుతూ వచ్చేవి. పది రోజులకి గంట పట్టింది. ఇంకో వారానికి రెండు గంటలు. చివరికి ఎంతసేపు తిప్పినా వేడిగా, చెమ్మగా, ఉడికిన ఇడ్లీగుడ్డల్లా వచ్చేవి. ఇల్లంతా ముక్కిపోయిన వాసన. బయట చూస్తే వాన. మా ఆవిడ గదుల్లో అడ్డంగా తాళ్ళు కట్టింది, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నేను తడిగుడ్డలు ముఖాన తగిలించుకుంటూ వెళ్ళేవాణ్ణి. పిల్లకి తొడల దగ్గర ఎర్రగా ఒరిసింది. డాక్టరమ్మ చూసి, మందు రాసి, ఏం చేస్తారో నాకు తెలీదు, దీని కింద తడి ఉండకూడదు అంది.

ఆ వారం వియ్యపురాలు వచ్చినప్పుడు పిల్ల ఒళ్ళు చూసింది. మామూలుగా మాట్లాడని మనిషి మాట్లాడింది.

"వదినె, తప్పుగా తీసుకోవద్దండి. మా ఇంట్లో పెద్ద హాలు ఉండాది. మూడు ఫ్యాన్లు ఉండాయి. తుణి ఆరిపోతాది. శుక్రవారం కారు తెచ్చి తల్లినీ బిడ్డనీ తీసుకుపోతాను."

"మూడో నెల కాలేదే," అంది మా ఆవిడ.

"కాలేదుదా. బిడ్డ ఒళ్ళు చూసినారు కదా."

ఆమె వెళ్ళాక మా ఆవిడ గోడకి జారబడి కూర్చుంది. "చూసినారా? తుణి పోయినాది. ఇప్పుడు బిడ్డ పోతా ఉండాది," అంది. మూఢనమ్మకాలని నేను ఎప్పుడూ ఎగతాళి చేసేవాణ్ణే, ఆ రోజు మాత్రం ఊయల దగ్గరికి వెళ్ళి పిల్ల వేళ్ళు మళ్ళీ లెక్కపెట్టాను.

సోమవారం నేను యంత్రం కంపెనీకి ఫోను చేశాను. అవతల ఒకమ్మాయి ఎంతో తీయగా, జల్లెడ శుభ్రం చేశారా సార్ అని అడిగింది. నన్ను. పంజు సంగతి నన్ను. నేను కార్డింగ్‌లో చేరేనాటికి ఆమె పుట్టి ఉండదని, జల్లెడలో పట్టిన పంజుని వేళ్ళతో సాగదీసి పీచు పొడుగెంతో చెప్పగలనని, ఇందులో పీచు పొట్టి, మా మిల్లులో అయితే రెండో రకంగా పక్కన పెట్టేవాళ్ళమని వివరంగా చెప్పాను. ఆమె అంతా విని, మనిషిని పంపుతామంది. ఎప్పుడంటే వచ్చే వారం.

"నాయనా, బయటి పైపు చూసినావా?" అంది అమ్మాయి, పిల్లని భుజాన వేసుకుని తడుతూ.

"పైపు నేను పక్కన నిలబడి వేయించినాను. అందులో ఏమీ లేదు."

"చూడకుండానే ఏమీ లేదంటావే."

"ముప్పై ఏళ్ళు చూసినాను. చాలదా?"

అమ్మాయి నాతో వాదించలేదు. ఫోనులో ఏదో వీడియో పెట్టి నా ముందు ఉంచి వెళ్ళింది. అందులో ఒక తెల్లవాడు ఇలాంటి యంత్రం వెనక గొట్టం ఊడదీసి, లోపల్నించి గొర్రెపిల్లంత పంజు లాగుతున్నాడు. లాగుతూ నవ్వుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అలాంటిది నా ఇంట్లో జరగదని మూడు రోజులు భీష్మించుకుని కూర్చున్నాను. ఆ మూడు రోజులూ పిల్ల రోజంతా కుయ్‌మంటూనే ఉంది, నేను వినబడనట్టు నటించలేకపోయాను.

గురువారం మధ్యాహ్నం యంత్రాన్ని ముందుకి లాగి గొట్టం ఊడదీశాను. గొట్టం నిండా పంజే. తెల్లవాడి గొర్రెపిల్ల అంత కాదు గాని, మేకపిల్లకి సరిపోతుంది. గొట్టం కడిగి ఆరబెట్టి, ఇక గోడలో పైపు మిగిలింది కదాని, బూజు దులిపే కర్ర తెచ్చి లోపల్నించి పొడిచాను. కర్ర కొంత దూరం పోయింది, అక్కడ ఏదో మెత్తగా అడ్డుపడింది. పొడిస్తే వెనక్కి నెడుతోంది. ఇంకా గట్టిగా పొడిచాను. కర్ర వెనక్కి వచ్చింది, దాని తలకాయ మాత్రం రాలేదు. బూజుకర్ర కుచ్చు పైపులోనే ఉండిపోయింది. అప్పటిదాకా పైపులో పంజు ఒక్కటే ఉండేది, ఇప్పుడు చీపురు కూడా చేరింది.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చేతిలో వట్టి కర్రతో ఉన్న నన్ను చూసింది. వెళ్ళి అమ్మాయి పెట్టె కిందికి దించి, అందులో పిల్ల చొక్కాలు సర్దడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది.

శుక్రవారం పొద్దున వాన కాస్త తెరిపిచ్చింది. వియ్యపురాలు పదకొండుకి వస్తానంది. నేను తొమ్మిదికే నిచ్చెన భుజాన వేసుకుని పక్కింటి సందులోకి దూరాను. అక్కడ పక్కింటివాళ్ళ కుక్క ఉంది. మా ఊరి పేరు పెట్టుకున్న జాతి, తెల్లగా, నడుముదాకా ఎత్తుగా ఉంటుంది, మనిషిని చూసి మొరగదు, ఊరికే వచ్చి దారికి అడ్డంగా నిలబడుతుంది. నేను కుడికి జరిగితే అది కుడికి జరిగింది. పక్కింటాయన స్నానానికి వెళ్ళాడట. ఆయన నీళ్ళు పోసుకోవడం అయి, విభూతి పెట్టుకోవడం అయి, బయటికొచ్చి దాన్ని పేరుపెట్టి పిలిచేసరికి పదిన్నర దాటింది. పిలిచినా అది వెళ్ళలేదు, నిచ్చెన పక్కనే కూర్చుని నేను చేసేది చూస్తానంది.

నిచ్చెనెక్కి మూతకున్న నాలుగు స్క్రూలు విప్పాను. మూత ఊడగానే దాని వెనక ఊతప్పమంత మందాన బూడిదరంగు పంజు బిళ్ళ కట్టి ఉంది. పట్టుకుని లాగాను. రాలేదు. అంచుల్లో వేలు పెట్టి గీకితే పంజు కింద ఏదో గుడ్డ తగిలింది. పైపు మూతికి చుట్టూ బిగించి కట్టిన గుడ్డ. గాలి దాని కళ్ళలోంచి పోతుంది, పంజు పోదు. నెలన్నరగా పేరుకుని పేరుకుని గాలిని కూడా ఆపేసింది.

ఏ బుద్ధిలేనివాడు కట్టాడిది అనుకున్నాను. ఆ ఫిట్టరే అయి ఉంటాడని, వాణ్ణి ఫోనులో ఏమేం తిట్టాలో కూడా వరసగా అనుకున్నాను. అనుకుంటూనే ముడి విప్పబోయి ఆగిపోయాను.

మిల్లులో మేము వేసే ముడి ఒకటుంది. రెండు చుట్లు తిప్పి, కొసని చుట్ల కిందికి దూర్చి, బయటికి తోక కనబడకుండా లాగుతాం. తోక కనబడితే నడిచే యంత్రం పట్టుకుని లాగేస్తుంది. అందరూ కొసని ఎడమ నుంచి దూరుస్తారు. నాకు ఎడమ బొటనవేలు ఒకసారి బెల్టులో పడి నలిగింది, అందుకని నేను కుడి నుంచి దూరుస్తాను. ఈ ముడి కుడి నుంచి దూర్చి ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చిందనడం కూడా తప్పే, బుర్రకి ఏమీ గుర్తులేదు, చేతికి గుర్తొచ్చింది. మిల్లులో ఏ పైపు విప్పినా, ఏ మూత తీసినా, మొదట చేసే పని మూతికి గుడ్డ కట్టడం. లేకపోతే పంజు లోపలికి పోతుంది. దానికి ఆలోచన అక్కర్లేదు, తుమ్మితే ముక్కు తుడుచుకున్నట్టు జరిగిపోతుంది. ఆ రోజు ఫిట్టరు టీకి వెళ్ళాడు. పైపు మూతి తెరిచి ఉంది. నిచ్చెన అక్కడే ఉంది. కిటికీ చువ్వల అవతల చేతికందేంత దూరంలో గుడ్డల అడుకు ఉంది. పంజు లోపలికి పోకుండా ఉండాలని, పంజు బయటికి పోవడానికే పెట్టిన పైపుకి, ముప్పై ఏళ్ళ అనుభవంతో నేనే గుడ్డ కట్టాను. చుట్టూ నున్నగా, కనబడకుండా, బాగా కట్టాను.

పంజు దులిపాను. గుడ్డ ఒక మూల ఎర్రదారంతో చిన్న చుక్క కుట్టి ఉంది.

సరిగ్గా అప్పుడే వీధిలో కారు వచ్చి ఆగింది. ముడి విప్పి, గుడ్డని మడిచి లుంగీ మడతలో నడుముకి దోపుకున్నాను. దోపుకోవాలని అనుకోలేదు, అది కూడా చెయ్యే చేసింది. గుడ్డ ఊడటంతో బూజుకర్ర కుచ్చు జారి కుక్క నెత్తిన పడింది. అది మొదటిసారి మొరిగింది. నేను పంజు బిళ్ళ చేత్తో పట్టుకుని ఇంట్లోకి వచ్చి, "మూతలో పంజు పట్టినాది, తీసేసినాను," అన్నాను. అబద్ధం కాదు.

గొట్టం తగిలించి, ఆరు తడిగుడ్డలు వేసి యంత్రం తిప్పాను. నలుగురం దాని ముందు కూర్చున్నాం. వియ్యపురాలు కారు దిగిన చీరతో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని. మా ఆవిడ పెట్టె పక్కన. అమ్మాయి పిల్లతో. మిల్లులో కొత్త యంత్రం మొదటిసారి తిప్పినప్పుడు కూడా నేను అంత భయపడలేదు. నడుము దగ్గర పంజు గుచ్చుకుని దురద పెడుతోంది, గోక్కోలేను. ముప్పావుగంటకి యంత్రం కూత పెట్టి ఆగింది. మా ఆవిడ తలుపు తీసి గుడ్డ ఒకటి చెంపకి ఆనించుకుంది, వెంటనే వియ్యపురాలి చేతికిచ్చింది. ఆమె దాన్ని రెండు వేళ్ళతో నలిపి చూసింది.

"బాగా ఆరినాది," అంది. గుడ్డ మడిచి మా ఆవిడకి తిరిగిస్తూ, "సరి. మూడో నెల దాకా ఇక్కడే ఉండనీండి. ఆనవాయితీ ఎందుకు తప్పాలి," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె పిల్లకేసి చూడలేదు.

నాకు కావలసింది దొరికింది. ఇక కాఫీ తాగి, ఆమెని కారెక్కించి, గుడ్డని ఎక్కడో పారేస్తే అయిపోయేది. కానీ గెలిచినప్పుడు మా ఆవిడ ఊరుకోలేదు. ఆరిన గుడ్డలు మడుస్తూ, గోడకి చెబుతున్నట్టు అంది.

"ఇంక పోయిన తుణి కూడా, తీసుకుపోయినవాళ్ళు తిరిగి తెస్తే, ఇరవై సరిపోతాది."

వియ్యపురాలు ఆమెకేసి చూసింది. బీరువాకేసి చూసింది. మా ఆవిడ మెళ్ళో తాళంచెవికేసి చూసింది.

"నేను వచ్చినప్పుడల్లా ఈ బీరువాకి పూట్టు ఎందుకు పడతాదో ఇప్పుడు తెలిసినాది," అంది మెల్లగా. సంచి తీసుకుని లేచి నిలబడింది. అమ్మాయి ముఖంలో నెత్తురు చుక్క లేదు. రేపు ఆ ఇంట్లో కాపురం చెయ్యాల్సింది తను.

నా పరువు ఒకవైపు, అమ్మాయి ముఖం ఒకవైపు. ఎంతో ఆలోచించానని చెప్పుకోవాలని ఉంది గాని, నిజానికి దురద కూడా భరించలేకపోయాను. నడుములోంచి గుడ్డ తీసి నేల మీద పెట్టాను. బూడిదరంగు గుడ్డ, పంజు, నా ముడి పడిన మడతలు, ఒక మూల ఎర్ర చుక్క.

"పైపు మూతికి ఉండినాది," అన్నాను. "నేనే కట్టినాను. మిల్లు అలవాటు."

అమ్మాయి మొదట నవ్వింది. "నాయనా, నవ్వించద్దు, కుట్లు లాగతాయి," అంటూ కడుపు పట్టుకుని నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు. నన్ను తిట్టడానికి నోరు తెరిచింది, వియ్యపురాలు ఎదురుగా ఉందని మూసింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం తను పడ్డ సిగ్గు నాది. నేను కట్టిన ముడికి నెలన్నరగా తను ఒక మనిషిని దొంగని చేసింది. "వదినె," అంటూ మెళ్ళోంచి తాళంచెవి ఊడదీసింది.

వియ్యపురాలు వంగి ఆ మాసిన గుడ్డ చేతిలోకి తీసుకుంది. పంజు దులపలేదు. తిరిగి కూర్చుంది.

"నేను తీసుకోలేదు వదినె," అంది. "అయినా తీసుకోవాలని అనుకున్నాను. ఆ దినం మీరు కాఫీ పెట్టేదానికి పోయినప్పుడు, ఒక తుణి ఎత్తి చెంపకి పెట్టుకున్నాను. ఎంత మెత్తగా ఉండినాది. అడుగుదామా అనుకున్నాను. ఎందుకని అడుగుతారే, ఏమి చెప్పేది? ఇంట్లో ఊయల కట్టి పెట్టినాను. దినమూ దాని పక్కన కూర్చుంటాను. ఊరికేదా. దాంట్లో వేసేదానికి ఒకటి ఉంటే బాగుంటాది అనిపించినాది. మళ్ళీ మడిచి పెట్టేసినాను."

నేను తల దించుకున్నాను. మూడు నెలలు నాకు తక్కువయ్యాయని ఏడుస్తున్నానే గాని, ఆ మూడు నెలలూ ఇంకో ఇంట్లో ఎలా గడుస్తున్నాయో నాకు ఒక్కసారి కూడా తోచలేదు. మూడు ఫ్యాన్లున్న హాలు అని ఆమె చెప్పినప్పుడు నాకు ఫ్యాన్లే వినబడ్డాయి.

మా ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. బీరువా దగ్గరికి వెళ్తుందనుకున్నాను. వెళ్ళలేదు. ఊయల దగ్గరికి వెళ్ళి, పొద్దున్నించీ పిల్ల తల కింద ఉన్న గుడ్డ తీసుకొచ్చింది. ఉతికింది కాదు. ఒక పక్క పాలు కక్కిన మరక ఉంది. దాన్ని మోకాలి మీద పరిచి, సత్రపట్టిలో మడిచినట్టు నాలుగు మడతలు వేసి, ఎర్ర చుక్క పైకి వచ్చేలా పెట్టి, ఇచ్చింది.

"అది పంజు వాసన వస్తాది. ఇది తీసుకుపోండి."

వియ్యపురాలు అందుకోలేదు. "వద్దు వదినె. అవ్వలు చెప్పే మాట నాకూ తెలుసు. తుణి వస్తే బిడ్డ మనసు మా ఇంటికి లాగతాది."

"లాగనీండి," అంది మా ఆవిడ. "ఇక్కడా లాగతాది, అక్కడా లాగతాది. రెండు ఇండ్లు ఉండే బిడ్డదా."

ఆమె గుడ్డ తీసుకుని ముఖానికి ఆనించుకుంది. తర్వాత దాన్ని ఆ పెద్ద చేతిసంచిలో, అన్నిటికంటే కింద పెట్టుకుంది. భోజనం చేసి వెళ్ళింది. కారు దగ్గరకి మా ఆవిడే వెళ్ళి సాగనంపింది. ఆ తర్వాత లోపలికొచ్చి నాకు రావలసిన తిట్లన్నీ వరసగా ఇచ్చింది, నేను ప్రతి ఒక్కటీ స్పష్టంగా విన్నాను.

పైపు మూతికి కట్టిన గుడ్డని నా చేతే ఉతికించింది, రెండుసార్లు ఉడకబెట్టింది, ఆ యంత్రంలోనే ఆరబెట్టించింది. మర్నాడు పొద్దున గుడ్డలన్నీ ముందేసుకుని లెక్కపెట్టింది. నేను పేపరు అడ్డం పెట్టుకుని విన్నాను. పందొమ్మిది వచ్చాయి.

"సరిపోయినాయి," అంది, బీరువా తలుపు దగ్గరికి వేసి, తాళం వేయకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.